రెండేఱుల ఊరిలో కొయ్య అక్షరములు

అమెరికాకు పోయి వచ్చిన మనవారు నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు నగరమందలి ఆకాశహర్మ్యములను గూర్చియు వ్రాయుట పరిపాటి. నేనును వానిని చూచితిని, చూచి సంతసించితిని. కాని ఇల్లు చేరి నాలుగు నెలలైనను నా మనస్సును విడువక యున్నవి అవి కావు. మిషిగన్ సరస్సు నొడ్డున ఒక చిన్న ఊరిలో, గిడ్డంగివంటి కట్టడములో, సొరుగులనిండ నున్న కొయ్య అక్షరములు. కొయ్యముక్కలను చూచి అఱువది దాటిన స్త్రీ కన్నీరు పెట్టుకొననేల యని సోదరీమణులు నవ్వవచ్చును. కథ యంతయు విన్న పిదప నవ్వుదురుగాక.

మా అమ్మాయి కాపురము విస్కాన్సిన్ రాష్ట్రమున మిల్వాకీ నగరములో. అమ్మాయియు అల్లుడును ఉద్యోగములకు పోగా తొమ్మిదేండ్ల మనుమరాలికి నేనును, నాకు మనుమరాలును తోడు. అక్టోబరు నెలలో ఒకనాటి రాత్రి భోజనమునొద్ద అమ్మాయి, "అమ్మా, ఇక్కడికి గంటన్నర దూరంలో కొయ్య అచ్చులు చేసిన కంపెనీ ఉండేదట. ఇప్పుడు వాటికి మ్యూజియం పెట్టారు. తాతయ్యగారి ప్రెస్సులో పోస్టర్ల అక్షరాలు ఉండేవని చెప్పేదానివి కదా, అలాంటివే. చూస్తావా?" అని యడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏల చెప్పలేకపోతినో అమ్మాయికి తెలియదు. శనివారమునాడు నలుగురమును బయలుదేరితిమి.

మా నాయనగారికి తెనాలిలో చిన్న అచ్చుకూటము ఉండెడిది. ఇంటి వీథివైపు గదులు రెండును అచ్చుకూటము. వెనుకవైపు గదులు రెండును కాపురము. ట్రెడిల్ యంత్రపు చప్పుడు వినుచు నేను పెరిగితిని. శుభలేఖలు, రసీదు పుస్తకములు, కరపత్రములు సీసపు అక్షరములతో అచ్చగుచుండెను. నాటకముల గోడపత్రికలకు మాత్రము కొయ్య అక్షరములు. జానెడు పొడవుగల అకారము, బెత్తెడు వెడల్పుగల శ్రీకారము సిరా పట్టి నల్లబడి చెక్కపెట్టెలలో ఉండెడివి. పిల్లలము వానిని ఒకదానిపై నొకటి పేర్చి బొమ్మరిండ్లు కట్టుకొనెడివారము. ఆ పెట్టెలు ఏమైనవో తరువాత చెప్పెదను.

మిల్వాకీనుండి ఆ యూరికి ఉత్తరముగా సుమారు 90 మైళ్ళు. కుడివైపున సరస్సు చెట్లసందున మెఱసి మఱల మఱుగగుచుండెను. సరస్సనిన మన కొల్లేరువంటిది కాదు. ఆవలి గట్టు కానరాదు; అలలు వచ్చి ఒడ్డును కొట్టును; ఉప్పులేని సముద్రమనవలెను. ఆకురాలు కాలము గనుక మేపుల్ చెట్లు పసుపు కుంకుమలు పూసికొనినట్లు దారిపొడవునను నిలిచియుండెను. ఆ చెట్ల కొయ్యయే నేను చూడబోవు అక్షరముల శరీరమని అప్పటికి నాకు తెలియదు.

ఊరి పేరు టూ రివర్స్. ఈస్ట్ ట్విన్, వెస్ట్ ట్విన్ అను కవల యేఱులు అచ్చట కలిసి సరస్సులో పడును. "మన భాషలో రెండేళ్ళ ఊరన్నమాట. అయితే మరీ పసిది" అని అల్లుడు చమత్కరించెను. జనము పదునొకండు వేలకు అటునిటుగా నుందురు. వీథులు వెడల్పు, జనసంచారము తక్కువ, పడవలరేవు ప్రక్కన పక్షులు కూయుచుండును. మన తాలూకా గ్రామములో సంతలేనినాటి మధ్యాహ్నము ఎట్లుండునో అట్లుండెను.

హామిల్టన్ కొయ్య అక్షరముల ముద్రణ ప్రదర్శనశాల పదవ వీథిలో, సరస్సునకు సమీపమున నున్నది. తలుపు తెఱవగానే సిరా, పాతకొయ్య, నూనె కలిసిన వాసన కొట్టెను. ఏబదియేండ్ల వెనుకటి మా వీథిగది వాసన! నేను గుమ్మమునొద్దనే కొంచెముసేపు నిలిచిపోతిని. లోపల వరుసవరుసలుగా సొరుగుల బీరువాలు, ఇనుప యంత్రములు, తీగెలపై ఆరవేసిన రంగుల కాగితములు. ఇచ్చట 15 లక్షల కొయ్య అక్షరములు కలవట. మా నాయనగారి అక్షరములన్నియు ఈ బీరువాలలో రెండు సొరుగులనిండ రావు.

ఆ శాలలో చూపించు నొకామె మాకు సొరుగు లాగి చూపెను. అందలి అక్షరములను చూడగానే మనుమరాలు, "వీటికి బూట్లు తొడిగారా అమ్మమ్మా?" అని యడిగెను. పిల్లమాటయైనను అంతకంటె చక్కగ చెప్పుట నాకు చేతకాదు. మన తెలుగు అక్షరమునకు సొగసు తలలో నున్నది. తలకట్టు పెట్టి దానిని సింగారింతుము. ఇంగ్లీషు అక్షరమునకు సొగసు పాదములలో నున్నది. పుస్తకములలోని ఇంగ్లీషు అక్షరముల కాళ్ళకొనలను చూడుడు. చిన్న గీతలు కానవచ్చును. వానికి సెరిఫ్‌లని పేరు. పుస్తకములందు అవి సన్నని మట్టెలవలె నుండును. ఈ సొరుగులోని అక్షరములకో, మట్టెలు కావు, దిట్టమైన పాదుకలు! నిలువుగీత యెంత లావో అడుగుపలకయు ఇంచుమించుగ అంత లావు. పలకవంటి పాదము గలది గనుక ఈ జాతికి స్లాబ్ సెరిఫ్ అని నేటి పేరు. అక్షరము పీటవేసికొని కూర్చున్న పెండ్లిపెద్దవలె కదలక మెదలక యుండును. వీథికి ఆవలనుండియు చదువవచ్చును.

ఇట్టి అక్షరము పుట్టినది ఈ యూరిలో కాదు, లండనులో. 19వ శతాబ్దపు ఆరంభమున ఆ నగరమున వర్తకము పెరిగినది. లాటరీలవారు, నాటకశాలలవారు, మందులమ్మువారు, బండ్లు నడపువారు అందఱును గోడలకు ప్రకటనలు అంటించుచుండిరి. అంతవఱకు అక్షరము పుస్తకమునకు పుట్టినది. ఒడిలో పెట్టుకొని చదువుకొనువారితో మెల్లగ మాటలాడునది. గోడమీదికి ఎక్కినపుడు ఆ మెల్లని గొంతు ఎవ్వరికిని వినరాదు. కావున గట్టిగ పిలుచు అక్షరము కావలసివచ్చెను. 1815వ సంవత్సరపు తన మాదిరి పుస్తకములో విన్సెంట్ ఫిగ్గిన్స్ అను అక్షరములు పోతపోయువాడు ఈ పలకపాదపు అక్షరములను చూపెను. ఆయన దానికి పెట్టిన పేరు ఆంటీక్, అనగా పురాతనము. నిన్న పుట్టిన బిడ్డకు తాతపేరు పెట్టినట్లు!

మఱికొందఱు దీనిని ఈజిప్షియన్ అనిరి. ఈజిప్టు దేశమునకును దీనికిని చుట్టఱికము లేదు. 1798లో నెపోలియను ఆ దేశముపై దండెత్తిన పిదప ఐరోపావారికి ఈజిప్టు వస్తువులనిన వెఱ్ఱి పట్టినది. పిరమిడ్ల వంటి బరువు దీనియందును కనబడుటచే ఆ పేరు అతుకుకొనిపోయినది. 1845లో ఫాన్ వీథియందలి అక్షరశాలాధిపతి రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అను మఱియొక రూపమును వెలువరించెను. బెంజమిన్ ఫాక్స్ అను పనివాడు దాని ఉక్కు అచ్చులను చెక్కెను. ఇందు నిలువుగీత పాదపలకను కోణముగ తాకక చిన్న వంపుతో దిగును. చీర కుచ్చెళ్ళు నేలను తాకునట్లుండును. నిఘంటువులలో అర్థములు సన్ననివిగను, పదములు లావుగను అచ్చుపడుట మీరు చూచియుందురు. పుటమధ్యమున ఒక మాటను ఎత్తిచూపుటకై అట్లు పనికివచ్చునట్టు ఈ క్లారెండన్ ఏర్పడినది. బెస్లీ దీనికి చట్టము ననుసరించి మూడేండ్ల రక్షణ పొందెను. ఆ గడువు తీరగానే అందఱును దానిని అనుకరించిరి.

ఆ అక్షరము సముద్రము దాటి అమెరికాకు వచ్చునప్పటికి మఱియొక చిక్కు కలిగెను. గోడపత్రికకు అక్షరము జానెడో మూరెడో ఉండవలెను. అంత పెద్దదానిని సీసముతో పోతపోసినచో మోయలేని బరువు, చల్లారునపుడు వంకరపోవును, వెల యధికము. 1827లో న్యూయార్కునందు డేరియస్ వెల్స్ అను నాతడు కొయ్యను తొలుచు త్రిప్పుడుయంత్రముతో అక్షరములు కోయు ఉపాయము కనిపెట్టి, మఱుసటి సంవత్సరమున మాదిరి పుస్తకము ప్రకటించెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రమునకు పాంటోగ్రాఫు అను పరికరమును జోడించెను. ఇదేమో సోదరీమణులకు ముగ్గుల భాషలో చెప్పెదను. వాకిట నున్న పెద్ద ముగ్గు గీతలవెంట మీరొక వ్రేలు నడుపుచుండగా, ప్రక్కన మఱియొక చేయి తనంతట తాను అదే ముగ్గును చిన్నదిగ వేయుచున్నదని యూహింపుడు. అదియే పాంటోగ్రాఫు. ఒక పెద్ద మాదిరిని పెట్టుకొని, చేతులను సర్ది, కావలసిన పరిమాణములలో అక్షరములను కోయవచ్చును.

ఇక ఈ యూరి కథ. 1880లో ఇచ్చటి పత్రికాధిపతికి ఒక గోడపత్రిక నిమిత్తము పెద్ద అక్షరములు త్వరగ కావలసివచ్చెను. తూర్పు నగరములనుండి తెప్పించుటకు వ్యవధి లేదు. కొయ్యపని తెలిసిన జె. ఎడ్వర్డ్ హామిల్టన్ అను యువకుని అడుగగా, అతడు తల్లిగారి ఇంటి పెరటివసారాలో కాలితో త్రొక్కు ఱంపముపై పలుచని కొయ్యతో అక్షరములు కోసి, దిమ్మలపై జిగురుతో అంటించి ఇచ్చెనని చెప్పుదురు. అవి చౌకగను, చక్కగను ఉండుటచే ఇతర అచ్చుకూటములవారును కోరిరి. పెరటివసారా పని కార్ఖానాయైనది. 1891లో హామిల్టన్ తన పోటీదారులలో పేరెన్నికగన్న పేజ్ సంస్థను కొనెను. శతాబ్దము మాఱునాటికి ఆ దేశమున కొయ్య అక్షరములనిన రెండేఱుల ఊరే.

అక్షరము చేయు విధమును ఆమె మాకు చూపెను. మేపుల్ మానును అడ్డముగ బిళ్ళలు బిళ్ళలుగ కోసి, చాలకాలము ఆరబెట్టుదురు. మాంసము నఱకు మొద్దునకు నిలువుకొయ్యయే ఏల వాడుదురో మన పల్లెలవారికి తెలియును. దెబ్బను ఓర్చునది అడ్డకోత ముఖమే. అక్షరమునకును అట్లే. ఆ బిళ్ళను నున్నగ చేసి, లక్కపూత పూసి, సరిగ 0.918 అంగుళము ఎత్తునకు తెత్తురు. సీసపు అక్షరముల ఎత్తును అంతే గనుక రెండును ఒకే ఫారములో కలిసి అచ్చుపడును. పిదప పాంటోగ్రాఫుతో కోత.

అయితే యంత్రముతో పని ముగియదు. గిఱ్ఱున తిరుగు ఉలి గుండ్రనిది. గుండ్రని ఉలి లోపలి మూలలను పదునుగ కోయజాలదు. ప్రతిమూలయందును కొంచెము కొయ్య మిగిలిపోవును. స్లాబ్ సెరిఫ్ అక్షరమునకు మూలలే ప్రాణము. ఇంగ్లీషు హెచ్ అక్షరమును చూడుడు. నాలుగు పాదములు, ప్రతిపాదమునకు ఇరుప్రక్కల లోమూలలు, నడిమి అడ్డగీత కలియుచోట మఱి నాలుగు. ఒక్క అక్షరమునకు పండ్రెండు మూలలు! ఆ పండ్రెంటిని ఎవరో కూర్చుండి కత్తితో తీయవలెను. కత్తి జాఱినచో అక్షరము చెడును, లేదా వ్రేలు తెగును. హామిల్టన్ కార్ఖానాలో ఈ కత్తిపని చేసినవారిలో స్త్రీలు ఉండిరి. ఉద్యోగము విరమించిన పిదప ఈ ప్రదర్శనశాలకు వచ్చి తమ పనిని చేసి చూపినవారును కలరు. ఇన్ని గోడపత్రికలు అచ్చయ్యెనుగదా, ఏ గోడపత్రిక అడుగునను ఆ మూలలు తీసిన స్త్రీ పేరు లేదు.

ఇది విన్నపుడు నాకు మా అమ్మ జ్ఞాపకము వచ్చెను. తెలుగు కొయ్య అక్షరములతో వచ్చు చిక్కు అచ్చుకూటమువారికే యెఱుక. ఇంగ్లీషునకు పెద్దబడి అక్షరములు 26 చాలును. మనకు గుణింతములు, ఒత్తులు! ఎన్ని పెట్టెలు కొన్నను ఏదో యొకటి తక్కువగును. నాటకము పేరు కూర్చునపుడు క్షకారము దొరకినచో దాని క్రింది ఒత్తు దొరకదు. అప్పుడు నాయనగారు లోపలికి వచ్చి, "ఇదిగో, దీనికి రావత్తు కావాలి" అని బొగ్గుతో నేలపై వ్రాసి చూపెడివారు. అమ్మ వంటపని ముగించి, దీపమునొద్ద కూర్చుండి, చిన్న కత్తితో చెక్కముక్కమీద దానిని చెక్కెడిది. తెల్లవాఱునప్పటికి ఒత్తు సిద్ధము. అచ్చుపని అయిన పిదప కిరసనాయిలు గుడ్డతో అక్షరములన్నియు తుడుచునదియు అమ్మయే. మేము తడిచేతితో ముట్టినచో కోపగించెడిది. "నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి, మళ్ళీ కుదురుకోవు" అనెడిది. ఈ రెండేఱుల ఊరిలో ఆమె మా మనుమరాలితో, "నీళ్ళతో మాత్రము ఎన్నడును కడుగరాదు, కొయ్య ఉబ్బును" అని చెప్పగా, అమ్మాయి దానిని నాకు తెలుగున చెప్పబోయెను. నాకు చెప్పనక్కఱలేకపోయినది.

ఇప్పుడు ఆ పెట్టెల మాట చెప్పవలెను. 1991లో నాయనగారు కాలము చేసిరి. అప్పటికే ఊరిలో ఆఫ్‌సెట్ యంత్రములు వచ్చినవి. మా అచ్చుకూటమునకు పని సన్నగిల్లినది. సీసమును తూకమునకు అమ్మివేసితిమి. యంత్రమును పాత ఇనుము కొనువాడు తీసికొనిపోయెను. కొయ్య అక్షరములను అడిగినవాడు లేడు. ఆ మఱుసటి సంవత్సరము మా తమ్ముని పెండ్లి. పెరటిలో గాడిపొయ్యి త్రవ్వినారు. ముందునాటి వానకు కట్టెలు తడిసినవి. వంటవాడు వచ్చి, "అమ్మా, వసారాలో ఎండు చెక్కలున్నాయి, తీసుకోనా?" అని నన్నడిగెను. నేను పసుపు కొమ్ములు లెక్కపెట్టుకొనుచు, తల యెత్తకయే, "తీసుకో" అంటిని. నూనె త్రాగిన కొయ్య గనుక చక్కగ మండినది. పప్పు త్వరగ ఉడికినదని వంటవాడు సంతోషించెను. సాయంకాలము అమ్మ వసారాలోనికి పోయి ఖాళీపెట్టెలను చూచి వచ్చి, "అన్నీ పోయాయా?" అని మాత్రము అడిగెను. నేను, "పోయాయి" అంటిని. ఆమె మఱి యా మాట యెత్తలేదు. నాయనగారి వస్తువులు కాల్చితినని కొన్నాళ్ళు నొచ్చుకొంటిని. కాల్చినది అమ్మ చేతిపనియని నాకు తోచినది ఈ పరదేశములో, ముప్పదియేండ్లు దాటిన పిదప.

గోడకు వ్రేలాడదీసిన పాత ప్రకటనలను చూచుచు నేను మనస్సు మఱల్చుకొంటిని. ఈ అక్షరములు పలుకని పలుకు లేదు. సర్కసు వచ్చినదని పిలిచినవి ఇవియే. పశువుల సంతయని చాటినవి ఇవియే. 1865 ఏప్రిలులో ఆబ్రహాం లింకను హత్యకు పిమ్మట, హంతకునిని అతని తోడివారిని పట్టియిచ్చిన లక్ష డాలర్లు బహుమానమని గోడలపై ఘోషించినవి ఇట్టి లావు అక్షరములే. అంతకుముందు మనుష్యులను వేలమువేయు ప్రకటనలనుగూడ ఇవియే మోసినవి. అక్షరమునకు పాపపుణ్యములు తెలియవు, పలికించువానిదే భారము. స్త్రీలకు వోటు కావలెనని ఆ దేశపు స్త్రీలు ఉద్యమించినపుడును దూరమునకు కనబడు ఈ లావు అక్షరములు వారికి తోడ్పడినవి. 1919 జూన్ 10వ తేదీన ఆ హక్కునకు సమ్మతి తెలిపిన మొదటి రాష్ట్రములలో ఈ విస్కాన్సిన్ ఒకటి.

హామిల్టన్ సంస్థ అక్షరములతో ఆగలేదు. అచ్చుకూటములకు బీరువాలు, బల్లలు చేసెను. 1938లో ఇండ్లలో బట్టలనారబెట్టు యంత్రమును జూన్ డే అను పేరుతో అమ్మకమునకు తెచ్చెను. జూన్ నెల వారికి ఎండకాలము. ఏటిలో ఆరునెలలు మంచుపడు దేశమున తడిబట్టలతో ఆడువారు పడు బాధ మా అమ్మాయి యింట చూచితిని గనుక ఆ పేరులోని ఊరట నాకు తెలిసినది. ఇట్లు ఇతర వస్తువులు పెరుగుచుండగా అక్షరముల పని తఱుగుచు వచ్చెను. ఫోటోలతోను ఆఫ్‌సెట్‌తోను గోడపత్రికలు వేయ నేర్చిన పిదప కొయ్య అక్షరమెవరికి? 1985లో ఆ సంస్థ వానిని చేయుట మానెను. "ఎన్నో అచ్చుకూటములవారు చలికాలమున పొయ్యిలో వేసికొనిరి" అని ఆమె చెప్పెను. అది విని నాకు ఊరట కలుగలేదు. అయినను ఆ తప్పు నాయొక్కతెది కాదని తెలిసినది.

ఇచ్చటివారు మాత్రము మేలుకొనిరి. ఊరి చరిత్రసంఘమువారు 1999లో పాత కార్ఖానాలోనే ఈ ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 2012లో ఆ కట్టడము మూతపడనున్నందున ఖాళీ చేయవలసివచ్చెను. లక్షల అక్షరములు, టన్నుల బరువుగల యంత్రములు! దూరదూరములనుండి అక్షరప్రియులు వచ్చి చేయి వేసిరి, ధనమిచ్చిరి. 2013లో ఈ క్రొత్త చోట తలుపులు తెఱచిరి.

వెలుపలికి రాబోవుచు అమ్మాయి తన చేతిఫోనులో ఒక కాఫీ దుకాణపు ప్రకటన చూపెను. అవే పలకపాదములు, అదే లావు. 1990లో అడోబీ సంస్థ పాత కొయ్య అక్షరముల ననుసరించి కంప్యూటరు అక్షరములు వెలువరించినది. నాటినుండి అట్టివి ఎన్నో వచ్చినవి. పెద్ద శీర్షికలకు, పేరుపలకలకు, అంగళ్ళ అట్టపెట్టెలకు వానిని వాడుదురు. కంప్యూటరులో మూల తీయుటకు కత్తి అక్కఱలేదు, వ్రేలు తెగదు. అయినను చిత్రమేమనగా, ఆ అక్షరము మఱీ నున్నగ నున్నదని, అరిగినట్లు, అక్కడక్కడ సిరా అంటనట్లు గీతలు పెట్టి అమ్ముచున్నారు. చేతిపని లేనిచోట చేతిపని గుర్తులను మాత్రము కొని తెచ్చుకొనుచున్నారన్నమాట. ఇందు నవ్వవలసినది లేదు. పోయినదాని విలువ తెలిసినపుడు లోకము దానిని ఏదో విధముగ వెదకుకొనును.

మనుమరాలు తానును అచ్చువేయుదునని పట్టుపట్టెను. చిన్న చేతియంత్రము చూపి, "నీకు కావలసిన మాట కూర్చుకో" మనిరి. అది అమ్మమ్మ యని ఇంగ్లీషు అక్షరములతో కూర్చదలచెను. ఏ అక్షరములు మూడు దొరకినవి. ఎమ్ అక్షరములు నాలుగు కావలెను. సొరుగులో మూడే యున్నవి. ఇంగ్లీషు మాటలలో ఎమ్ అంతగ రాదు. మన అమ్మమ్మకో అన్నియు మకారములే! ఏమి చేయుటయని పిల్ల మొగము చిన్నబోగా, ఆమె నవ్వి డబ్ల్యూ అక్షరమును తలక్రిందుగ పెట్టెను. పాదములు పైకిపోయి, ఆ యొక్క అక్షరము మాత్రము మొగ్గవేసినట్లుండెను. నేను రోలరుతో ఎఱ్ఱసిరా పూసితిని. ఎంత పూయవలెనో చేయి మఱువలేదు. మనుమరాలు పిడి లాగినది. కాగితము ఎత్తిచూచినపుడు అది వేసిన కేక వీథివఱకు వినబడియుండును.

ఊరు విడుచుటకు ముందు వాషింగ్టన్ హౌస్ అను పాత కట్టడమున ఐస్‌క్రీము తింటిమి. ఐస్‌క్రీముపై చాక్లెట్టు పాకము పోసి యిచ్చు సండే అను పదార్థము 1881లో తమ యూరిలోనే పుట్టినదని వీరి వాదము. న్యూయార్కు రాష్ట్రమున ఇథాకా నగరమువారు కాదందురు. మనుమరాలు తీర్పు చెప్పకయే గిన్నె ఖాళీ చేసెను. తిరుగుదారిలో చీకటిపడినపిదప నేను అమ్మాయికి గాడిపొయ్యి కథ చెప్పితిని. అది చాలసేపు మాటలాడక, పిమ్మట, "అమ్మమ్మ చెక్కేదా? నాకెప్పుడూ చెప్పలేదేం?" అని యడిగెను. అమ్మ చేతిపనిని కాల్చుటకంటె దానిని గూర్చి చెప్పకుండుటయే నా పెద్ద తప్పని అప్పుడు తెలిసినది.

సోదరీమణులారా! మీ పుట్టినిండ్లలోనో అత్తవారిండ్లలోనో అటుకమీద ఏవో చెక్కలు, అచ్చులు, పనిముట్లు పడియుండును. అద్దకపు దిమ్మలు కావచ్చును. జంతికల గొట్టముల పాతబిళ్ళలు కావచ్చును. అచ్చుకూటపు అక్షరములు కావచ్చును. పండుగకు ఇల్లు దులుపునపుడు, పెండ్లికి పొయ్యి త్రవ్వునపుడు వానిని ఎవరైన అడిగినచో తల యెత్తి చూడుడు. ఇది యెవరు చేసిరి, ఎవరు తుడిచిరి యని ఇంటి పెద్దవారి నడుగుడు. వారు చెప్పినదానిని పిల్లలకు చెప్పుడు. అన్నింటిని దాచుకొనుట సాధ్యము కాదు. అడుగుటకు మాత్రము చోటక్కఱలేదు.

మనుమరాలు వేసిన కాగితమును చట్రములో బిగించి తెనాలిలో మా వీథిగదిగోడకు తగిలించితిని. వచ్చినవారందఱును, "ఇందులో ఒక ఎమ్ తప్పుగా ఉన్నదేమి?" అని యడుగుదురు. కూర్చుండుమని చెప్పి, కాఫీ యిచ్చి, మా అమ్మ ఒత్తులు చెక్కిన కథ మొదలుపెట్టుదును.